దురద తెలియని చోటు

పోయిన ఆదివారం స్టిల్‌వాటర్ తోటలో తాబేలు కూర కుండ దగ్గర అందరి నవ్వులూ ఎలా ఆగిపోయాయో మీరు మర్చిపోయి ఉండరు. మర్చిపోయిన వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇంకో మూడు వారాల్లో, జూలై ఒకటో తారీకున, సురినాంలో బానిస అన్న మాట ఇక ఉండదని డచ్చి రాజుగారు చాటించారు. ఆ సంబరంలో తోట జనం పెద్ద కుండ పొయ్యెక్కించారు. వడ్రంగి క్వామినా గిన్నె పక్కకి నెట్టి "తాబేలు నాకు త్రేఫు" అన్నాడు. త్రేఫంటే తండ్రి రక్తంతో పాటు వచ్చే నిషేధం. తండ్రికి పడని తిండి బిడ్డకీ పడదు, తింటే ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి. అతను చేసుకోబోయే పిల్ల యాకోబా కూడా గిన్నె నెట్టేసి "నాకూ అంతే" అంది నవ్వుతూ. అప్పుడు పీపాలు చేసే మెంటర్, పద్దెనిమిదేళ్ళుగా ఆ పిల్లకి తండ్రి అనిపించుకున్నవాడు, గరిటె కింద పెట్టాడు. "నా త్రేఫు లేడి మాంసం గదే. తాబేలు నేను కుండలకి కుండలు తింటాను. మరి నువ్వెవరి బిడ్డవే?" అన్నాడు.

ఆ ప్రశ్న మూడు రోజులుగా తోటంతా తిరుగుతోంది. యాకోబా తల్లి ఫ్రాన్సినా పోయి పదిహేడేళ్ళయింది, ఆమెని అడగడానికి లేదు. ఆ తోటలో తాబేలు త్రేఫు ఉన్న మగవాడు క్వామినా తండ్రి ఫోర్టుయిన్ ఒక్కడే, తోట దొర పడవకి తెడ్డు వేసేవాడు. అతనూ ఏట్లో పడి పోయాడు. ఇక మిగిలింది ఒక్క అజుబమ్మ.

అజుబమ్మ ఆ తోటలో పిల్లల పాక చూసే మనిషి. తల్లులు చెరుకులోకి దిగితే వాళ్ళ బిడ్డల్ని పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా సాకడం ఆమె పని. ముప్ఫయ్యేళ్ళుగా అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకీ ముక్కు తుడిచింది ఆమే. పాతికేళ్ళ మగవాళ్ళు కూడా ఆమె ఎదురుపడితే చుట్ట వెనక్కి దాచుకుంటారు. అందరికీ పెద్దమ్మే. అందులో ఫ్రాన్సినా కూతురు యాకోబా అంటే మాత్రం ఆమెకి ప్రాణం. తల్లి లేని పిల్లని ఏడాది వయసు నుంచీ తన పక్కలో వేసుకుని పెంచింది.

బుధవారం పొద్దున పోటు నీటితో పాటే సర్కారు పడవ వచ్చింది. ఒక గుమాస్తా, ఒక డాక్టరు దొర, ఆరుగురు తెడ్డు వాళ్ళు. తోట దొర ఇంటి వసారాలో బల్ల వేశారు. గుమాస్తా పని పేర్లు రాయడం. ఇన్నాళ్ళూ ఒక్క పేరుతో సరిపెట్టుకున్న జనానికి ఇప్పుడు ఇంటిపేర్లు కావాలట! తెల్లవాళ్ళ ఇంటిపేరు ఏదీ పెట్టకూడదని పైనుంచి ఉత్తర్వు. పాపం గుమాస్తా పేర్లు పుట్టించలేక పొద్దుణ్ణుంచి తల గోక్కుంటున్నాడు.

"మీకేమిచ్చాడే?" అని వరసలో ఒకామె అడిగింది.

"ఏదో వింటర్‌బ్రూఖ్ అట. పలికేసరికి దవడ నొప్పి."

"మాది నయం, పోమ్. ఒక్క గుటకలో అయిపోతుంది."

ఒక తల్లి కడుపున పుట్టిన వాళ్ళందరికీ ఒకటే ఇంటిపేరు. తండ్రి ఊసే లేదు. ఆ పుస్తకంలో తండ్రి పేరుకి గడే గీయలేదు. తల్లులు పోయిన చోట ఎవరు ఎవరి బిడ్డో చెప్పడానికి అజుబమ్మని బల్ల పక్కన పీట వేసి కూర్చోబెట్టారు. పెళ్ళాడి ఒకే చోట పనికి కుదురుతామనే వాళ్ళకి మాత్రం గుమాస్తా దగ్గర వేరే కాగితం ఉంది. స్వేచ్ఛ వచ్చినా పదేళ్ళపాటు ఎక్కడో ఒకచోట సర్కారు కళ్ళ ముందు కూలికి కుదరాల్సిందే. క్వామినాకి పట్నంలో పడవలు కట్టే చోట పని ఖాయమైంది. ఇవాళ ఆ కాగితంలో యాకోబా పేరు అతని పక్కన పడితే ఆమె కూడా పట్నం వెళ్తుంది. పడకపోతే అతను అక్కడ, ఆమె ఇక్కడ.

డాక్టరు దొర పని వేరు. వసారా చివర తెరచాప గుడ్డ కట్టి, పేరు రాయించుకున్న ప్రతి మనిషినీ దాని వెనక్కి పిలుస్తున్నాడు. ఒంటి మీద ఎక్కడ రంగు తేడా కనపడినా కళ్ళు మూసుకోమని సూది గుచ్చుతున్నాడు. "అబ్బా" అన్నవాళ్ళు బయటికి, అనని వాళ్ళు పక్కకి. పొద్దుణ్ణుంచి అననివాడు ఒక్కడే, బెల్లం పొయ్యి దగ్గరి ముసలాయన. ఆయన్ని అప్పుడే రేవులో ఒక చిన్న పడవలో విడిగా కూర్చోబెట్టారు. కొప్పెనామె నది మీద రోగుల ఊరుంది, పెద్దరోగం, అదే కుష్ఠు, వచ్చినవాళ్ళని అక్కడికి చేరుస్తారు. అక్కణ్ణుంచి తిరిగొచ్చిన మనిషిని స్టిల్‌వాటర్‌లో ఎవరూ చూడలేదు. ముసలాయన ఎండలో తల మీద టోపీ కూడా లేకుండా కూర్చుని ఉన్నాడు. అజుబమ్మ చూపు ఎటు తిప్పుకున్నా ఆ పడవ మీదికే పోతోంది.

మధ్యాహ్నం గంట కొట్టారు. గుమాస్తా, డాక్టరు దొర భోజనానికి లోపలికి వెళ్ళారు. అజుబమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి పిల్లల పాకలోకి వచ్చింది. వచ్చేసరికి యాకోబా అక్కడ ఉంది. చాపల మీద పదకొండు మంది పిల్లలు వరసగా నిద్రపోతున్నారు.

"ఇదిగో, పంపించేశాడు," అంటూ యాకోబా ఒక దారం ముక్క ఆమె కాళ్ళ దగ్గరికి విసిరింది.

అజుబమ్మకి ఆ దారం తెలుసు. బానిసకి చెప్పులు తొడుక్కునే హక్కు లేదు. జూలై ఒకటిన యాకోబా కాలికి జోడు తొడిగి పట్నం తీసుకెళ్తానని క్వామినా పోయిన నెల ఆమె పాదం కొలిచి ఆ దారానికి రెండు ముడులు వేసుకున్నాడు. అప్పట్నుంచీ మెడలో కట్టుకునే తిరిగాడు.

"పెద్దమ్మా, ఇవాళ తేల్చెయ్యి."

"మెల్లిగానే, పిల్లలు లేస్తారు."

"లేవనీ! నాకు మూడు రోజులుగా నిద్ర లేదు. నన్ను చూసి ఆడాళ్ళు నోటికి చేతులు అడ్డం పెట్టుకుంటున్నారు. నాన్న నా చేతి నీళ్ళు తాగడం లేదు. క్వామినా అయితే నన్ను చూసి దారి మార్చుకుని పోతున్నాడు. మా అమ్మ ఫోర్టుయిన్‌తో తిరిగిందా?"

"లేదు."

ఆ మాట మరీ తొందరగా వచ్చేసింది. నిజానికి అజుబమ్మకి తెలియదు. ఫోర్టుయిన్ పడవ వచ్చిన రోజున ఫ్రాన్సినా ఉతికిన బట్ట కట్టుకునేది, అంతవరకు తెలుసు. పడవ వస్తే తోటలో సగం మంది ఆడవాళ్ళు ఉతికిన బట్టే కట్టుకునేవాళ్ళు మరి!

"తిరగలేదా? మరి తాబేలు నాకెందుకు పడదు? పుట్టి బుద్ధెరిగాక ఒక్క ముక్క నోట పెట్టనివ్వలేదు నువ్వు. నీ త్రేఫే అది, నీ త్రేఫే అది అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పావు. నీకెవరు చెప్పారు? మా అమ్మా?"

"ఎవరూ చెప్పలేదు. నేనే పుట్టించాను."

అజుబమ్మ పాక తలుపు దాకా వెళ్ళి బయట ఎవరూ లేరని చూసి, తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"నీకు నాలుగేళ్ళప్పుడు వీపు మీద ఎడమ రెక్క కింద మచ్చ వచ్చింది. నా అరచేతిలో సగం ఉంటుంది. నీళ్ళు పోస్తూ చూశాను. దురదా అని అడిగితే లేదన్నావు. మంటా అంటే లేదన్నావు. నువ్వు మామిడిపండు చీకుతూ కూర్చున్నప్పుడు వెనక నుంచి నారింజ ముల్లు తీసుకుని గుచ్చాను. లోపలికంటా గుచ్చానే! నువ్వు పండు తింటూనే ఉన్నావు."

యాకోబా దగ్గరికి జరిగి ఆమె మొహంలోకి చూసింది.

"పెద్దరోగమని నాకు తెలిసిపోయింది. ఆ వారమే తోట దొర పాక చూడ్డానికి వచ్చి నీ వీపు చూశాడు, ఏమిటిదన్నాడు. ఏం లేదు దొరా, తాబేలు కూర తిందీ, అది దీని త్రేఫు, దద్దు లేచిందీ అనేశాను. ఆ రోజుల్లో పాకలో అందరికీ ఆ కూరే వండేవాళ్ళు గనక అదే నోటికొచ్చింది. కోడి వండితే కోడి అనేదాన్ని. దొర నవ్వి, మీ మూర్ఖత్వాలు మీవీ అని పోయాడు. ఆ అబద్ధం నిలబెట్టుకోవడానికి ఇన్నేళ్ళూ నీకు తాబేలు పెట్టలేదు."

"ఆ మచ్చ ఇప్పుడుందా?"

"కంటికి ఆనదు. ఆకు పసర్లేవో పూశాను, రానురాను రంగు కలిసిపోయింది. నీకు పదేళ్ళప్పుడు ఆఖరిసారి గుచ్చి చూశాను. అప్పుడూ ఉలకలేదు. ఆ చోటుకి నొప్పి తెలియదు, దురద తెలియదు."

యాకోబా ఉన్నట్టుండి నవ్వింది. ఆ నవ్వు విని ఒక పసివాడు కదిలాడు. అజుబమ్మ చెయ్యి అలవాటుగా వాడి వీపు మీదికి పోయి జోకొట్టింది.

"అయితే నేను వాడికి చెల్లెల్ని కాను," అంది యాకోబా.

"కావు."

"రోగిష్టిదాన్ని."

"అట్లా అనకే తల్లీ!"

"మరెట్లా అనాలి? ఈ మాట క్వామినాకి చెప్తే మేము అన్నాచెల్లెళ్ళం కామని తేలుతుంది. ఆ మాట వాడి నోట్లోంచి ఇంకొకరి చెవిన పడితే డాక్టరు దొర సూది, ఆ ముసలాయన పక్కన చోటు. చెప్పకపోతే జన్మంతా క్వామినాని అన్నయ్యా అని పిలుచుకుంటూ ఇక్కడే పడుండాలి. అంతేగా?"

అంతే. అజుబమ్మ మూడు రోజులుగా ఎటు తిప్పి చూసినా అంతకంటే వేరే దారి కనపడలేదు.

"నన్ను అడక్కుండా నా నోరు కట్టేశావు పెద్దమ్మా."

"నీ మంచి కోసమే కదే."

"తోట దొర కూడా అదే అంటాడు."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. అజుబమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరితో పోల్చింది తనని! ఏ కొరడా దెబ్బకీ ఏడవని మనిషి, ఆ పిల్ల ముందు మొహం దాచుకోవాల్సి వచ్చింది. యాకోబా కూడా అన్నాక నాలిక్కరుచుకుంది గానీ మాట వెనక్కి తీసుకోలేదు. రవిక ముడి విప్పి వీపు తిప్పి కూర్చుంది.

"గుచ్చి చూడు. ఎనిమిదేళ్ళయింది కదా, ఇప్పుడెట్లా ఉందో నాకు తెలియాలి."

అజుబమ్మ పైకప్పులో దోపిన సూది తీసింది. ఎడమ రెక్క కింద చర్మం చుట్టూ ఉన్న రంగులోనే ఉంది. ఎక్కడ గుచ్చాలో ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదు. సూది మొన దగ్గరికి తీసుకెళ్ళింది. అంతలోనే సూది చాప మీద పడేసింది. "నావల్ల కాదే," అంది. "ఉలిక్కిపడకపోతే నేను బతకలేను."

అంతలో గంట మోగింది. యాకోబా రవిక ముడి వేసుకుంది. కింద పడున్న దారం ముక్క తీసుకుని గుప్పిట్లో పెట్టుకుని బయటికి నడిచింది. ఇంటికి వెళ్ళే దారి అటు, వసారా ఇటు. ఆ పిల్ల రెండూ వదిలేసి రేవు వైపు పోతోంది!

రేవులో సర్కారు పడవ తెడ్డు వాళ్ళు పొయ్యి వెలిగించుకుని వంట చేసుకుంటున్నారు. ఏటి గాలికి వాసన వసారా దాకా వస్తోంది. దారిలో దొరికిన తాబేళ్ళే వాళ్ళకి కూర. అజుబమ్మ పీట మీద కూర్చోబోతూ ఆ వాసన పట్టి, యాకోబా ఎందుకు వెళ్ళిందో అర్థమై, గుండె పట్టుకుంది.

ఆ పిల్ల చిప్ప నిండా కూర తెచ్చుకుని వరసలోకి వచ్చి నిలబడింది. ఆడవాళ్ళ వరస ఒకటి, మగవాళ్ళది ఒకటి. క్వామినా అవతలి వరసలో ఆమెకి ఎదురుగానే ఉన్నాడు. మనిషి మూడు రోజుల్లో చిక్కిపోయాడు.

"యాకోబా! ఏమిటది?"

"కనపడ్డం లేదా? తాబేలు."

"వద్దు. దద్దుర్లొస్తాయి."

"వస్తే రానీ. అందరి ముందూ నిన్ను అన్నయ్యా అని పిలిచి, నీ పెళ్ళికి పాట కూడా పాడతాను. రాకపోతే?"

యాకోబా వేళ్ళతో ముక్క తీసి నోట్లో పెట్టుకుంది. బుద్ధెరిగాక ఎరగని రుచి, మింగడానికి కష్టపడింది. రెండో ముక్క, మూడో ముక్క. రెండు వరసలూ పేర్ల సంగతే మర్చిపోయి చూస్తున్నాయి. వెనక నుంచి మెంటర్ గొంతు వినిపించింది.

"తినవే, తిను! ఇంకో నాలుగు ముక్కలు ఎక్కువే తిను. నా పరువు కూడా ఆ చిప్పలోనే ఉంది!"

కొందరు నవ్వారు. మెంటర్ నవ్వలేదు. పీపాలు బిగించే ఆ పెద్ద చేతులు నలుపుకుంటూ పిల్ల మొహం వంక దీనంగా చూస్తున్నాడు. మూడు రోజులుగా కూతురు కాదన్నవాడు ఇప్పుడు ఆమె మెడ మీద, చేతుల మీద ఒక్క దద్దు లేవకూడదని ఏ దేవుళ్ళకి మొక్కుకుంటున్నాడో!

యాకోబా చిప్ప నాకేసి కింద పెట్టింది. ఇక అందరికీ ఎదురుచూడ్డమే పని. వరస ఒక్కో అడుగు జరుగుతోంది. ముందున్నామె వెనక్కి తిరిగి ఆమె చేతులు పట్టి చూస్తుంది, వెనకున్నామె మెడ చూస్తుంది. "ఏమీ లేదే!" "ఇంకా టైముంది, ఉండు." "మా మేనత్తకి తిన్న గంటలో మొహం అరిటిబోదంత అయింది." గుమాస్తా విసుక్కుని, "ఏమిటా గోల? పుస్తకంలో తండ్రులకి చోటు లేదని చెప్పాను కదా!" అని కేకేశాడు. అతని పుస్తకానికి అక్కర్లేదు గానీ, అక్కడున్న మనుషులకి కావలసింది అదొక్కటే.

గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. నీడలు మెట్లు దిగాయి. యాకోబా చేతులు నున్నగా ఉన్నాయి, మెడ నున్నగా ఉంది. మెంటర్ ముందు గొణిగాడు, తరవాత పక్కవాడి వీపు చరిచాడు, ఆఖరికి "నా బిడ్డేరా! నా ఫ్రాన్సినా కన్న నా బిడ్డే!" అని అరిచి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. క్వామినా మగవాళ్ళ వరస విడిచిపెట్టి వచ్చి యాకోబా పక్కన నిలబడ్డాడు. యాకోబా గుప్పిట తెరిచింది. అతను ఆ దారం తీసుకుని మళ్ళీ మెడలో కట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నేల చూపులు చూస్తూ నవ్వుకున్నారు.

అజుబమ్మకి ఒళ్ళు తేలికపడింది. ఎంత తెలివైన పిల్ల! రోగం మాట ఎత్తకుండానే చిక్కు విప్పేసింది. ఇక మిగిలింది ఆ తెరచాప గుడ్డ ఒక్కటే. మచ్చ రంగు కలిసిపోయింది, ఎక్కడ గుచ్చాలో డాక్టరు దొరకి తెలియదు. దాటేస్తుంది. దేవుడున్నాడు, దాటేస్తుంది!

"యాకోబా. తల్లి ఫ్రాన్సినా, చనిపోయింది," అని గుమాస్తా చదివాడు. "అవునా పెద్దమ్మా?"

"అవును బాబూ."

ఇంటిపేరు రాశాడు. తరవాత రెండో కాగితం ముందుకు లాక్కుని క్వామినా వంక చూశాడు.

"నువ్వేనా పెళ్ళికొడుకువి? రాయమంటావా?"

"రాయండి," అన్నాడు క్వామినా. ఆ మాట రేవు దాకా వినిపించింది.

గుమాస్తా సిరాలో కలం ముంచాడు. "పెద్దమ్మా, సాక్షివి నువ్వే. వీళ్ళిద్దరికీ మధ్య అడ్డేమీ లేదుగా? ఉంటే ఇప్పుడే చెప్పాలి. రాశాక కొట్టివేతలుండవు."

లేదు అనడానికి అజుబమ్మ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే యాకోబా, క్వామినా వంక చూసి నవ్వుతూ, తనకే తెలియకుండా ఎడమ చెయ్యి వెనక్కి మడిచి రెక్క కింద గోళ్ళతో బరబరా గీరుకుంది.

అజుబమ్మ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అదే చోటు. ముల్లు గుచ్చినా ఉలకని చోటు. ఆ చోటుకి దురద తెలిసిందంటే అది పెద్దరోగం కాదు, ఎప్పుడూ కాదు, పిల్లకి ఏ రోగమూ లేదు! గుండెలోంచి పొంగిన సంతోషం గొంతు దాకా వచ్చి అక్కడే గడ్డకట్టింది. రోగం కాకపోతే మరి ఏమిటి? తాబేలు తిన్న రెండు గంటలకి, రవిక కింద, ఎవరికీ కనపడని చోట లేస్తున్నది ఏమిటి? ఫోర్టుయిన్ పడవ వచ్చిన రోజున ఉతికిన బట్ట కట్టుకుని రేవుకి దిగే ఫ్రాన్సినా కళ్ళ ముందు మెదిలింది. పద్నాలుగేళ్ళ కిందట దొరకి నోటికొచ్చిన అబద్ధం చెప్పాననుకుంది. అది అబద్ధమేనా?

"చెప్పు పెద్దమ్మా, అడ్డేమీ లేదుగా?" అన్నాడు గుమాస్తా, కలం కాగితం మీద ఆనించి.

తెర వెనక నుంచి డాక్టరు దొర, తరవాతి మనిషిని పంపమని కేకేశాడు. క్వామినా మెడలో దారం సర్దుకుంటూ అజుబమ్మ వైపు తిరిగి, చిన్నప్పుడు బెల్లం ముక్క అడిగినట్టే నవ్వాడు.

యాకోబా మళ్ళీ గీరుకుంది.